పోసవ్వ మనవడు చూసింది నిన్నేనా?

కోరుట్ల
ఆదివారం రాత్రి

బిడ్డా శ్రావణీ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బాపమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. పెరట్లో జామచెట్టు విరగకాసింది, తినే మనిషి లేక చిలకల పాలవుతోంది. ఫోను ఉండగా ఈ కాగితం ఏమిటని నవ్వకు. ఫోను చేస్తే ‘మళ్లీ చేస్తానమ్మా’ అని పెట్టేస్తావు. ఆ ‘మళ్లీ’కి ఇవాళ్టితో పంతొమ్మిది రోజులు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయడం కుదరదు కదా.

దసరాకు పోసవ్వ మనవడు వచ్చి వెళ్లాడు. కాస్త లావయ్యాడు. మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పాడు. కూకట్‌పల్లిలో ఏదో పెద్ద బట్టల దుకాణంలో నీలం చొక్కా వేసుకుని బిల్లులు కొడుతున్న అమ్మాయి అచ్చం మన శ్రావణిలా ఉందట. పలకరించబోతే లోపలికి వెళ్లిపోయిందట. అది మంగళవారం, పగలు పదకొండు గంటలు. మనిషిని పోలిన మనుషులు ఏడుగురు ఉంటారంటారు, వాళ్లలో ఒకరు కూకట్‌పల్లిలో ఉండకూడదని ఎక్కడా లేదు. ఆ సంగతి వదిలేయ్.

ఈ నెల ఫ్యాక్టరీ పన్నెండు రోజులే ఆకు ఇచ్చింది. ఇచ్చిన ఆకులోనూ సగం చిల్లులు. తడిపి కత్తిరిస్తే చేతిలోనే చినుగుతోంది. వెయ్యి బీడీలు చుట్టాలంటే రాత్రి తొమ్మిదవుతోంది. మల్లవ్వ, నేను అరుగు మీద చాటలు పెట్టుకుని కూర్చుంటే టీవీ కూడా గుర్తుకు రాదు. మల్లవ్వ కోడలికి మళ్లీ ఆడపిల్లే. బొద్దుగా ఉంది, నీ చిన్నప్పటి ముక్కు.

మీ బాపు శుక్రవారం శుక్రవారం మస్కట్ నుంచి ఫోను చేస్తున్నారు. మొదటి మాట ‘బిడ్డ చదువుతోందా?’ నేను ‘చదువుతోంది’ అంటున్నాను. నిజం చెబుతున్నానో, అబద్ధం ఆడుతున్నానో నాకే తెలియకుండా అంటున్నాను. అన్నట్టు, నువ్వు తరగతికి రాని రోజు కాలేజీ నుంచి నా ఫోనుకు మెసేజు వచ్చేది కదా. ఆగస్టు నుంచి ఒక్కటీ లేదు. నువ్వు రోజూ వెళ్తున్నావని సంతోషించాలా, వాళ్ల దగ్గర నా నంబరు మారిందని అనుమానపడాలా?

సరే, డబ్బు సంగతే మాట్లాడుకుందాం. నీకు లెక్కలు రావని కాదు, నా నోట వినాలని. నీ ఇంజినీరింగు కాలేజీ ఫీజు ఏడాదికి 95,000. ప్రవేశ పరీక్షలో ర్యాంకు 10,000 లోపు వచ్చి ఉంటే మొత్తం సర్కారే కట్టేది. నీది ఇరవై మూడు వేల చిల్లర కాబట్టి, బీసీలం కాబట్టి, వాళ్లు ఇచ్చేది 35,000. పదేళ్లకు పైగా అదే ముప్పై అయిదు వేలు. ఈ పదేళ్లలో కాలేజీల ఫీజు పెరిగింది, నూనె పెరిగింది, మీ అన్న కూడా రెండు జానలు పెరిగాడు. ఆ ఒక్క అంకె మాత్రం పెరగలేదు. మిగిలిన 60,000 మనది, హాస్టలు వేరు. ఇదంతా నువ్వు చేరేటప్పుడే నాకు తెలుసు. నాచుపల్లి యూనివర్సిటీ కాలేజీలో ఫీజు తక్కువే, కానీ నువ్వు కోరిన బ్రాంచి అక్కడ రాలేదు. వద్దులే, ఇదే చేరు అన్నది నేను. అన్నదాన్ని నేనైతే కట్టాల్సిందీ నేనే. నువ్వెందుకు బిల్లులు కొట్టాలి? కొడుతున్నావని అనడం లేదు.

ఆదాయ సర్టిఫికెట్ మళ్లీ తీసుకున్నాను. మీసేవలో వేలు పెట్టమంటే మిషను నన్ను గుర్తు పట్టదు. పదిహేనో ఏట నుంచి బీడీలు చుట్టిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. నాలుగుసార్లు కడిగించి, తుడిపించి, చివరికి కంటిపాప చూసి ఒప్పుకుంది. కాగితం కోసం ఆఫీసుకు వెళ్తే, పట్టణంలో ఏడాది ఆదాయం 2,00,000 లోపు ఉండాలి, మీ ఆయన గల్ఫ్‌లో ఉంటే లోపు ఎలా అవుతుంది అని అడిగారు. గల్ఫ్ అంటే అందరికీ బంగారం బిస్కెట్లే కనిపిస్తాయి. ఆయన ఏసీ మెకానిక్కు కాదు, ఏసీ లేని గదిలో తొమ్మిది మందితో ఉండే మేస్త్రీ అని చెప్పి, జీతం కాగితం చూపించి వచ్చాను. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ కూడా అడిగాను. ఇంజినీరింగుకు ఏడాదికి 25,000 ఇస్తారు. అయితే ఇంకో స్కాలర్‌షిప్ ఏదీ తీసుకోకూడదట. 35,000 వదులుకుని ఇది తీసుకోవడానికి నాకేమన్నా పిచ్చా?

బ్యాంకుకూ వెళ్లాను. 2024 నవంబరులో ఢిల్లీ వాళ్లు విద్యాలక్ష్మి పథకం తెచ్చారు, పూచీకత్తు అక్కర్లేదు అని పేపర్లో చదివి కత్తిరించి దాచాను. మేనేజరు మంచివాడే, టీ కూడా ఇప్పించాడు. అది జాబితాలో ఉన్న పేరున్న కాలేజీలకేనమ్మా, మీ అమ్మాయిది అందులో లేదు అన్నాడు. పేరున్న కాలేజీలో సీటు వచ్చే పిల్లకు అప్పు సులువు, రాని పిల్లకు కష్టం. నేను టీ తాగేసి వచ్చాను. మామూలు అప్పు వేరే ఉందట. మీ బాపు వచ్చినప్పుడు సంతకాలు పెట్టి తీసుకుందాం.

మీ అన్న సంగతి గుర్తుందా? నీకు సగమే తెలుసు. రెండేళ్ల కిందట వాడికి పుణె ఉద్యోగం వచ్చినప్పుడు పది రోజుల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని రమ్మన్నారు. కాలేజీకి వెళ్తే సర్కారు కట్టాల్సిన ఫీజు, అదే రీయింబర్స్‌మెంట్, రెండేళ్లది రాలేదు, 70,000 బాకీ, కట్టి తీసుకెళ్లండి అన్నారు. వాడు ఒక్కడే రెండుసార్లు వెళ్లి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. మూడోసారి నేనూ బస్సెక్కాను. టిఫిను డబ్బాలో చపాతీలు పెట్టుకుని పది గంటలకు బెంచీ మీద కూర్చున్నాం. ఫీజు గుమాస్తా ఎదురుగానే ఉన్నాడు. పన్నెండింటికి చపాతీలు తిన్నాం. ఆయన కూడా డబ్బా తెరిచాడు, బెండకాయ కూర. వాసన వస్తుంటే మీ అన్న తల దించుకున్నాడు, వాడికి బెండకాయ ఇష్టం కదా. మూడింటికి పిలిచారు. కంప్యూటర్ తిప్పి చూపించాడు. ‘చూడండమ్మా, సర్కారు బిల్లుకు టోకెన్ నంబరు పడింది, డబ్బు పడలేదు. సర్కారు ఇవ్వగానే మీది మీకు తిరిగి ఇస్తాం’ అన్నాడు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని 2018లోనే కాలేజీలకు రూల్స్ పెట్టే యూజీసీ చెప్పింది కదా అన్నాను. నేను అంటానని ఆయన అనుకోలేదు. కాసేపు నా వైపు చూసి, ‘చెప్పింది’ అన్నాడు. అంతే. రూలు నా నోట్లో ఉంది, సర్టిఫికెట్ ఆయన బీరువాలో ఉంది. తాళం ఎవరి దగ్గర ఉందో వాళ్ల మాటే చెల్లింది. నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు, ఆయన చొక్కా కాలరు మెడ దగ్గర చినిగి ఉంది. ఆ కాలేజీలో అయ్యవార్లకు నాలుగు నెలలుగా జీతాలు లేవని బయట టీ కొట్టువాడు చెప్పాడు. ఎవరిని తిడతాం?

మర్నాడు పుస్తెలతాడు కుదువ పెట్టాను. పదో రోజు సాయంత్రం సర్టిఫికెట్లు చేతికొచ్చాయి. మీ అన్న రాత్రి రైలెక్కాడు. పుణె వాళ్లు రెండు రోజులు ఆగారు కాబట్టి సరిపోయింది. ‘తిరిగి ఇస్తాం’ అని కాలేజీ వాళ్లు రాసిచ్చిన కాగితం ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది, చెదలు పట్టకుండా వేపాకు వేశాను. తాడు పోయినేడు విడిపించాం. కుదువ పెట్టిన రోజు నేను పసుపు దారం కట్టుకుని ఇంటికి వస్తే నువ్వు గడపలో నిలబడి నా మెడ వైపే చూశావు. ఒక్క మాట అడగలేదు. అప్పుడే నువ్వు ఏదో అనుకున్నావని నాకు ఇప్పుడనిపిస్తోంది.

మీ అన్నను అడిగితే ‘చెల్లె బాగానే ఉందమ్మా, వానలు పడుతున్నాయా?’ అన్నాడు. కార్తీకంలో వానల సంగతి అడిగాడంటేనే తెలిసిపోయింది. వాడికి అబద్ధం ఎప్పుడూ రాదు.

నీతులు చెప్పనని ఒట్టు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. ఈ ఒక్కటి విను. హాజరు 75 శాతం ఉండాలి. పరీక్షకూ అదే, రీయింబర్స్‌మెంటుకూ అదే. తగ్గితే డాక్టరు కాగితం, పైన జరిమానా. 65 కన్నా తగ్గితే అదీ లేదు, ఏడాది పోతుంది. పోయిన ఏడాదికి సర్కారు మళ్లీ ఇవ్వదు. మిగిలిన అరవై వేల కోసం దుకాణంలో నిలబడితే వచ్చే ముప్పై అయిదు వేలూ పోతాయి. నీ కన్నా నెల నెలా బీడీ కట్టలు లెక్కపెట్టే నాకే ఈ లెక్క బాగా తెలుసు. ఆదివారాలు చేస్తే నేను ఏమీ అనను. పని చేయడం తప్పని నేను ఎప్పుడైనా అన్నానా? మంగళవారం పదకొండింటికి మాత్రం నువ్వు తరగతిలో ఉండాలి.

బతుకమ్మకు రాలేదు, పరీక్షలన్నావు. నమ్మాను. పండుగ ముందు బట్టల దుకాణాల్లో ఒక్క పూట కూడా సెలవు ఇవ్వరని మల్లవ్వ కోడలు చెప్పేదాకా నాకు తట్టలేదు. గునుగు పూలు రెండు కట్టలు ఎక్కువే తెచ్చి ఉంచాను. నీ బతుకమ్మను కూడా నేనే పేర్చాను, కాస్త వంకరగా వచ్చింది.

రావడానికి డబ్బుల్లేవని చెప్పకు. ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. నువ్వు రాకపోతే వచ్చే ఆదివారం నేనే ఎక్కుతాను. నీ హాస్టలుకు జూబ్లీ బస్టాండులో ఏ బస్సు మారాలో రాయి. రాయకపోయినా అడుక్కుంటూ వస్తాను.

మళ్లీ వచ్చిన పోసవ్వ మనవడి చేత నువ్వుల ముద్దలు, మామిడికాయ తొక్కు పంపుతున్నాను. తొక్కు సీసాలో తడి చెంచా పెట్టకు. కింద కవరులో బాపమ్మ ఇచ్చిన అయిదు వందలు ఉన్నాయి, 2,016 రూపాయల పింఛను అందుకున్న రోజే తీసి పక్కన పెట్టింది. వద్దనకు, అలుగుతుంది. ఇంకో పొట్లంలో చెప్పులు ఉన్నాయి, మెత్తటి అడుగువి, ఆరో నంబరు. రోజంతా నిలబడేవాళ్లకు కాళ్లు వాయవని దుకాణంవాడు చెప్పాడు. నువ్వు తరగతిలో కూర్చునే ఉంటే నీకు వాటితో పని లేదు, వాడి చేతనే వెనక్కి పంపించు.

మీ అమ్మ