వెనక్కి తిరగాల్సిన చోటు

చిన్నా,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి రెండు ముక్కల్లో జవాబు కుదరదు, అందుకే రాస్తున్నాను. "ఆ కొండదారి ప్రమాదమని నువ్వే అంటావు, మళ్లీ దాని మీద నువ్వే పుస్తకం రాస్తావు. అది చదివి ఇంకో పదిమంది ఎక్కరా?" అన్నావు.

ఎక్కుతారు. కాదనను. కానీ ఆ దారి ఎక్కడ మొదలవుతుందో చూశావుగా. కాలిఫోర్నియా ఎడారిలోని పామ్ స్ప్రింగ్స్ ఊళ్లో, ఆర్ట్ మ్యూజియం పక్కనే. గేటు లేదు, టికెట్ లేదు, ఆపి అడిగేవాళ్లు లేరు. హోటల్లో దిగినవాళ్లు కాఫీ తాగి, చేతిలో ఒక్క సీసా నీళ్లతో ఎక్కడం మొదలుపెట్టొచ్చు. పైగా ఆ దారికి "కాక్టస్ టు క్లౌడ్స్", అంటే ముళ్ల మొక్కల నుంచి మబ్బుల దాకా, అని నోరూరించే పేరొకటి. నా పుస్తకం వచ్చినా రాకపోయినా జనం వెళ్తారు. వెళ్లేముందు వాళ్లు చదివేవన్నీ పైకి చేరినవాళ్లు రాసుకున్న సంబరాలు. మధ్యలో కూలబడినవాళ్లు ఏమీ రాయరు. నా పుస్తకం వాళ్ల వైపు నుంచి మొదలవుతుంది.

మ్యూజియం దగ్గర ఎత్తు సుమారు 500 అడుగులు. పైన ట్రామ్ స్టేషన్, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు ఆగే చోటు, 8,516 అడుగుల మీద ఉంది. ఈ రెంటినీ కలిపే స్కైలైన్ ట్రెయిల్ దాదాపు పది మైళ్లు, ఎక్కాల్సింది 8,000 అడుగులు. దారి పొడుగునా నమ్ముకోదగ్గ నీటి చుక్క ఉండదు. ఓపిక మిగిలినవాళ్లు లాంగ్ వ్యాలీ రేంజర్ స్టేషన్ దగ్గర పర్మిట్ రాసుకుని, అక్కణ్ణుంచి 10,834 అడుగుల శాన్ హసింటో శిఖరానికి వెళ్తారు. ఆ పై భాగానికి నేను ఎక్కువ పేజీలు కేటాయించలేదు. అక్కడ నీళ్లున్నాయి, మనుషులుంటారు, దారి బాగుంటుంది. చిక్కంతా కింది పది మైళ్లలోనే.

మామూలుగా కొండల్లో అందరూ చెప్పే సూత్రం ఒకటుంది కదా, ఒంట్లో బాగోలేకపోతే కిందికి దిగమని. ఇక్కడ అది పనిచెయ్యదు. ఎత్తు పెరిగేకొద్దీ, వెయ్యి అడుగులకి నాలుగైదు డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున చల్లబడుతుంది. దిగేటప్పుడు అదే లెక్క తిరగబడుతుంది. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరిన మనిషి పది గంటలకి 5,000 అడుగుల దగ్గర ఉన్నాడనుకో. నీళ్లు అయిపోవస్తున్నాయి, కాళ్లు లాగుతున్నాయి. బుద్ధిమంతుడు కాబట్టి వెనక్కి తిరుగుతాడు. ఆ వాలు తూర్పు ముఖంగా ఉంటుంది, సూర్యుడు పొడిచిన క్షణం నుంచి ఎండ నేరుగా దాని మీదే. అతను దిగుతున్న ప్రతి అడుగుకీ వేడి పెరుగుతుంది. కింది మైళ్లలో చెట్టు నీడ లేదు, రాళ్లు కాలిపోతుంటాయి. మధ్యాహ్నానికి ఊరి ఇళ్లు కళ్లెదుట కనిపిస్తూ ఉండగానే పడిపోతాడు. ఎండాకాలంలో ఆ ఊళ్లో 110 డిగ్రీలు దాటడం మామూలే. అందరూ మెచ్చుకునే పని చేస్తూనే మనిషి ప్రాణం మీదికి తెచ్చుకునే దారి ఇది. అందుకే దీనికి విడిగా పుస్తకం కావాలంటున్నాను.

కాబట్టి వెనక్కి తిరగాలో వద్దో తేల్చుకోవాల్సింది ఒళ్లు బాగున్నప్పుడే, ఇంకా చీకటిగా, చల్లగా ఉన్నప్పుడే. అప్పుడు ఎవరికీ తిరగబుద్ధి కాదు. బాగానే ఉన్నాం కదా అనిపిస్తుంది. అందుకని ఆ నిర్ణయం చదివేవాళ్లకి వదిలెయ్యకుండా పుస్తకంలో నేనే తీసుకున్నాను. సూర్యోదయానికి 3,500 అడుగులు చేరకపోయినా, అప్పటికే సగం నీళ్లు తాగేసినా, ఆ రోజుకి అంతే, దిగిపోవాలి. 5,000 అడుగులు దాటాక ఎండలో ఒంట్లో తేడా చేస్తే దిగకూడదు. నీడ వెతుక్కుని కూర్చుని అత్యవసర నంబరు 911కి ఫోన్ చెయ్యాలి. నా అంకెలు కాస్త కఠినంగా ఉన్నాయని రెస్క్యూ పనిలో ఉన్న స్నేహితురాలు ఒకామె అంది. అంటూనే, మార్చొద్దని కూడా ఆమే చెప్పింది.

రాస్తున్నప్పుడు ఎక్కువ సమయం తీసుకున్నది చేర్చడం కాదు, కొట్టెయ్యడం. "తగినన్ని నీళ్లు తీసుకెళ్లండి" అని రాస్తే ఎవరి లెక్క వాళ్లదే. ఆరు లీటర్లు అని రాశాను, అంటే వీపు మీద ఆరు కిలోలని కూడా పక్కనే రాశాను. ఆ బరువు చదివాక కొందరైనా ఇంట్లో ఆగిపోతే మంచిదే. "అనుభవం ఉన్నవాళ్లకే" అన్న వాక్యం కూడా తీసేశాను, ఎందుకంటే తనకి అనుభవం లేదనుకునేవాళ్లు నాకింతవరకు తగల్లేదు. దాని బదులు ఒక పరీక్ష పెట్టాను. చల్లటి రోజున, నీళ్లు దొరికే వేరే కొండ మీద, అదే బరువుతో 4,000 అడుగులు ఎక్కి దిగాలి. మర్నాడు మామూలుగా మెట్లెక్కగలిగితే అప్పుడు ఈ దారి గురించి ఆలోచించొచ్చు. దారిలో ఎవరో పుణ్యానికి దాచిపెట్టే నీళ్ల సీసాల సంగతి కూడా రాశాను, వాటిని లెక్కలో వేసుకోవద్దని. ముందు వెళ్లినవాళ్లు తాగేసి ఉండొచ్చు.

టైం విషయంలో నేస్మిత్ సూత్రం వాడాను. 1892 నాటిది, ఆయన స్కాట్లండ్ పర్వతారోహకుడు. మూడు మైళ్లకి ఒక గంట, పైన ప్రతి 2,000 అడుగుల ఎక్కుడికి ఇంకో గంట. ఆ లెక్కన స్కైలైన్‌కి ఏడు గంటల ఇరవై నిమిషాలు, అదీ ఎక్కడా కూర్చోకుండా, చల్లటి వాతావరణంలో. ఇక్కడ మామూలు మనిషికి పది గంటలు వేసుకోమన్నాను. ఆ దారి మీద ఎవరి రికార్డు ఎంతో మాత్రం ఎక్కడా రాయలేదు. రాస్తే చదివేవాళ్ల కళ్లు దాని మీదే ఉంటాయి.

చలికాలం సంగతి వేరే. కింద చొక్కా చేతులు మడుచుకుని తిరిగే ఎండ ఉంటుంది, పైన ట్రామ్ చేరడానికి కాస్త ముందు వాలుకి అడ్డంగా సాగే దారి గట్టి మంచుతో నిండిపోతుంది. బూటు కాస్త జారితే కింద లోయే. క్రాంపాన్లూ (బూట్లకి కట్టుకునే ఇనుప ముళ్లు) మంచు గొడ్డలీ వాడటం వచ్చినవాళ్లకే అది దారి. చేతిలో ఉంటే చాలదు, వాడటం రావాలి. అందుకే మొత్తం ఏడాదిలో నేను సరే అన్నది అక్టోబరు చివర, నవంబరు మొదట్లో కొన్ని వారాలే, అదీ ఆ వారం వాతావరణం చూసుకుని. పుస్తకం కొన్నవాళ్లకి ఇది కాస్త నిరాశే.

ఇంకో మాట, పైకి చేరితే ట్రామ్‌లో దిగిపోవచ్చు కదా అని అందరి ధీమా. సెప్టెంబరులో మరమ్మతులకి మూస్తారు, గాలివానలకీ ఆపేస్తారు. బయల్దేరే రోజు నడుస్తోందో లేదో కనుక్కోమని రెండుచోట్ల రాశాను. ముళ్ల సంగతి కూడా ఉంది. చోయా అనే కాక్టస్ ముక్క కాలికి అంటుకుంటే చేత్తో పీకితే చెయ్యి కూడా పోతుంది, దువ్వెనతో తోసెయ్యాలి. నీకు నవ్వొస్తుందని తెలుసు, అయినా సామాన్ల పట్టికలో దువ్వెన ఉంది.

హెచ్చరికలన్నీ మొదటి పేజీలో గుమ్మరించి చేతులు దులుపుకోవడం నాకు నచ్చదు. ఆ పేజీ లాయర్ల కోసం. వడదెబ్బ గురించి ఎండ ముదిరే చోటున్న పేజీలోనే రాశాను. మాట తడబడటం, అర్థం లేకుండా మాట్లాడటం, తూలిపోవడం కనిపిస్తే అది అలసట కాదు, వెంటనే నీడలోకి చేర్చి ఒళ్లంతా తడిపి విసరాలి. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లే అదేపనిగా తాగినా వాంతులూ తికమకా వస్తాయి, ఒంట్లో సోడియం పడిపోయి. ఆ రెండిటికీ తేడా తెలుసుకోవడం కష్టం కాబట్టి, మనిషి తికమకపడితే ఏ కారణమైనా సహాయం పిలవమన్నాను.

ప్రచురణకర్తలు అట్ట మీద శిఖరం ఫొటో అడుగుతున్నారు. నేను ఒప్పుకోలేదు, వాళ్లూ దిగి రాలేదు. చూద్దాం.

ఇప్పుడు నీతో పని. "ఇంట్లో ఉండేవాళ్లకి" అని చివర ఒక పేజీ ఉంది. వెళ్లేవాళ్లు ఏమేం చెప్పి వెళ్లాలి, కారు ఎక్కడ, బట్టల రంగు ఏమిటి, బూటు అడుగు ఫొటో, ఏ టైంకి ఫోన్ రాకపోతే 911కి చెయ్యాలి, ఆ ఫోన్ ఏ కౌంటీ షెరీఫ్ (జిల్లా పోలీసు) ఆఫీసుకి వెళ్తుంది, ఇవన్నీ. నేనెప్పుడూ కొండ మీదే ఉన్నాను, ఫోన్ పక్కన కూర్చున్నది నువ్వూ నాన్నా. ఎన్ని గంటలు ఆగాక టెన్షన్ మొదలవుతుంది, ఫోన్ చేద్దామా వద్దా అని ఎందుకు వెనకాడతారు, తీరా చేస్తే అవతలివాళ్లు ఏమడిగితే చెప్పలేకపోతారు, అది నీకే తెలుసు. ఆ పేజీ పంపుతున్నాను. ఎర్ర సిరాతో నీ ఇష్టమొచ్చినట్టు కొట్టెయ్యి, కలుపు. ఆదివారం లోపు కావాలి. నీళ్ల లెక్క జోలికి మాత్రం రాకు, ఆరు లీటర్లే.

అమ్మ