చెరువు కట్ట మీద మీరిచ్చిన మాట: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కరించి రాయునది.

నేను హనుమకొండలో జిరాక్స్ సెంటర్ నడుపుకుంటాను. మా ఊరి చెరువులో పిల్లలకు రోయింగ్, అంటే తెడ్లతో బోటు లాగే పోటీ ఆట, నేర్పే క్లబ్ నడిపేవాళ్లు మీకు, మీ కింది ఆఫీసులకు పెట్టుకున్న అర్జీలన్నింటికీ కాపీలు తీసింది నేనే. అందుకే లెక్క నాకు నోటికి వచ్చు. రెండేళ్లలో 38 అర్జీలు. వాటిలో 11 కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చినవి, 4 మీ చేతికే ఇచ్చినవి. అన్నింటికీ కలిపి వచ్చిన జవాబులు 2. మొదటి దాంట్లో ‘సంబంధిత శాఖకు పంపడమైనది’ అని ఉంది. ఆ సంబంధిత శాఖ పంపిన రెండో జవాబులో ‘ఇది మా పరిధిలోకి రాదు’ అని ఉంది. ఇది 39వ అర్జీ. ఈసారి కవర్లో పెట్టి ఇవ్వకుండా నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నా చిన్న బిడ్డ మూడేళ్లుగా ఆ క్లబ్‌లో తెడ్డు లాగుతోంది. ఇప్పుడు పదో తరగతి. బిడ్డ కోసం ఏదో అడుగుతున్నానని అనుకోకండి సార్. ఆ క్లబ్‌ను మోస్తున్న ముగ్గురు మనుషులు నా కళ్ల ముందే కుంగిపోతున్నారు. వాళ్లు తమ కోసం ఏనాడూ ఒక్క మాట అడగరు. వాళ్లకు చెప్పకుండానే ఇది రాస్తున్నాను, తెలిస్తే వద్దంటారు. పేర్లు కూడా రాయడం లేదు.

మీకు ఆ ముగ్గురూ తెలుసు. రెండేళ్ల కింద చెరువు నిండి మత్తడి దుంకినప్పుడు మీరు పూజకు వచ్చారు. పళ్లెంలో పసుపు కుంకుమ పట్టుకుని మీ పక్కన నిలబడ్డది మా అక్క, మహిళా సంఘం పుస్తకాలు రాసే ఆవిడ. మీకు బోటు గురించి చెప్పింది రిటైరైన పీఈటీ సారు. మీరు ఒకసారి కూర్చుని చూస్తానంటే, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి బోటు కదలకుండా పట్టుకున్నది మా అన్న, చేపలు పట్టే సంఘంలో సభ్యుడు. ఆ రోజు మైకులో మీరన్న మాటలు నా ఫోన్లో ఇప్పటికీ ఉన్నాయి. మూడు నెలల్లో మోటారు బోటు ఇప్పిస్తానన్నారు. నీళ్లలోకి దిగడానికి ర్యాంపు, బోట్లు పెట్టుకోవడానికి షెడ్డు కట్టిస్తానన్నారు. పిల్లలు ఎంత గట్టిగా చప్పట్లు కొట్టారో మీకు గుర్తుండే ఉంటుంది.

ర్యాంపు సంగతి పోనివ్వండి. రాళ్ల మీద నుంచి బోటును భుజాల మీద దింపుకోవడం పిల్లలకు అలవాటైపోయింది. షెడ్డుకు అనుకున్న జాగా ఎఫ్‌టీఎల్ లోపల, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు లోపల, ఉందన్నారు. నిజమే, నీళ్లు నిలిచే శిఖం భూమిలో ఎవరూ కట్టొద్దు, మేమూ ఒప్పుకుంటాం. కట్టకు అవతల, ఎఫ్‌టీఎల్ బయట ఉన్న ప్రభుత్వ జాగాను సర్వే నంబరుతో సహా రాసిచ్చాం. ఆ కాగితం ఎవరి టేబుల్ మీద ఉందో ఇప్పటికీ తెలియదు. అందాకా బోట్లన్నీ తాటిపత్రి కిందే. కోతులు తాటిపత్రి చింపి బోట్ల మీద దుంకుతాయి. పోటీ బోటు పై పొర ఎంత పలుచగా ఉంటుందో మీరు ఆ రోజు వేలితో నొక్కి చూశారు. ఎక్కడ పగిలినా అన్న రాత్రిపూట బల్బు వేలాడదీసుకుని కూర్చుంటాడు. పగిలిన చోట గీకు కాగితంతో రుద్ది, ఫైబర్ గుడ్డ కత్తిరించి పరిచి, సగానికి కోసిన నీళ్ల బాటిల్లో రెజిన్ అనే జిగురు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలుపుతాడు. కలిపాక కాసేపట్లో పూసేయాలి, లేకపోతే గడ్డకట్టిపోతుంది. ఆ ఘాటుకు రాత్రంతా దగ్గుతాడు. పొద్దున 4 గంటలకు మళ్లీ వలలు ఎత్తడానికి పోతాడు. ఆ రెజిన్ డబ్బులు కూడా చాలాసార్లు అతని జేబులోవే.

నేను గట్టిగా అడగదలచుకున్నది మోటారు బోటు గురించి.

రోయింగ్‌లో తెడ్డు లాగేవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు. ముందు ఏముందో వాళ్లకు కనబడదు. ఒక్కరు లాగే సింగిల్ బోటు 8 మీటర్ల దాకా పొడవుంటుంది, నీటి మీద వెడల్పు మూరెడు కూడా ఉండదు. పోటీ బోటు కనీస బరువు 14 కిలోలు, సిమెంటు బస్తాలో మూడో వంతు కూడా కాదు. గాలి అడ్డం తిరిగితే బోల్తా పడుతుంది. బోల్తా పడితే ఏం చేయాలో నేర్పిన తర్వాతే పీఈటీ సారు ఎవరినైనా లోపలికి పంపుతాడు. ఈత రాని పిల్లలకు ముందు ఈతే నేర్పుతాడు. ఎంత నేర్పినా వెనకాల ఒక మోటారు బోటు ఉండాల్సిందే. మా దగ్గర వెనకాల వచ్చేది అన్న థర్మకోల్ తెప్ప. నలుగురు పిల్లలు కలిసి లాగితే కిలోమీటరు 4 నిమిషాల్లో దాటేస్తారు. అన్న ఎంత బలంగా తెడ్డు వేసినా ఆ దూరానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట సేపు ఒడ్డున మా ప్రాణాలు మా దగ్గర ఉండవు.

బోటులో బూట్లు బోటుకే బిగించి ఉంటాయి. పిల్లలు వాటిలో కాళ్లు పెట్టి కూర్చోవాలి. బోల్తా పడితే కాలు బూటులోంచి ఊడి రావాలి కాబట్టి బూటు మడమను బోటుకు ఒక చిన్న తాడుతో కడతారు. ఆ తాడు పొట్టిగా ఉంటేనే బూటు మడమ ఆగి పాదం బయటకు వస్తుంది. వదులైందా, పాదం బూటులోనే ఇరుక్కుంటుంది. అక్క రోజూ పొద్దున ప్రతి బోటు దగ్గర గొంతుక్కూర్చుని, ఒక్కో తాడు కింద రెండు వేళ్లు పెట్టి లాగి చూస్తుంది. ఆమె తల ఊపేదాకా బోటు ఒడ్డు వదలదు. వాన పడుతున్నా, ఇంట్లో అత్తకు బాగా లేకపోయినా ఆ పని ఇంకొకరికి వదలదు. క్లబ్‌లో 26 మంది పిల్లలు ఉన్నారు, నెలకు 100 రూపాయలు ఫీజు. అందులో 11 మంది కట్టలేరు. వాళ్ల పేర్ల ఎదురుగా కూడా ఆమె టిక్కు పెడుతుంది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో నేను అడిగితే మాట మారుస్తుంది. ఆమె చేతికి రెండు గాజులు తగ్గిన సంగతి నా భార్య చూసింది.

పోయిన జనవరిలో జరిగింది మీకు అర్జీలో రాశాం, చదివారో లేదో. పొద్దున 7 దాటింది. ఉన్నట్టుండి గాలి లేచింది. చెరువు నడుమ ఒక అమ్మాయి సింగిల్ బోల్తా పడింది. కాళ్లు వెంటనే ఊడొచ్చాయి, నేర్పినట్టే బోటును పట్టుకుని తేలింది. అన్న తెప్ప వేసుకుని పోయాడు. ఎదురుగాలికి తెప్ప పక్కకు కొట్టుకుపోతోంది. పీఈటీ సారు కట్ట మీద నిలబడి ‘బోటు వదలకు బిడ్డా, బోటు వదలకు’ అని గొంతు పోయేదాకా అరిచాడు. 64 ఏళ్ల మనిషి, బీపీ ఉన్న మనిషి. అన్న ఆ పిల్లను చేరేసరికి 20 నిమిషాలు దాటింది. పిల్ల చలికి వణికింది తప్ప ఏమీ కాలేదు. ఆ రోజు సారు ఇంటికి పోలేదు, కట్ట మీదే కూర్చుండిపోయాడు. మోటారు బోటు ఉంటే రెండు నిమిషాల పని అది.

మరునాడే ఆ సంగతి మేమే రాసి ఇచ్చాం. దాచిపెట్టవచ్చు, దాచలేదు. చూశారా సార్, బోటు ఎంత అవసరమో అని చెప్పడానికి రాశాం. వారంలో కబురు వచ్చింది. బోటు రాలేదు. ఒక హామీపత్రం రాసివ్వాలట. చెరువులో ఏ ప్రాణనష్టం జరిగినా దానికి క్లబ్ నడిపే ముగ్గురే సొంతంగా బాధ్యులని, కేసులన్నీ తామే భరిస్తామని 100 రూపాయల స్టాంపు పేపరు మీద సంతకం పెట్టాలి. లేకపోతే నీళ్లలో దిగొద్దు.

ఆ పేపరు టైపు చేసింది నా దుకాణంలోనే. ముగ్గురూ నిలబడి చదివారు. అన్న చదువు తక్కువ, నన్ను రెండుసార్లు చదివి వినిపించమన్నాడు. ‘అంటే నా ఇల్లు కూడానా?’ అని అడిగాడు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. ముందు అక్క పెన్ను తీసుకుంది, తర్వాత సారు, చివరికి అన్న. మనది కాని పిల్లల కోసం ఇల్లూవాకిలీ రాసిచ్చినట్టు సంతకం పెట్టిన మనుషులు వాళ్లు. బోటు ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వకుండా, అది లేనందుకు వచ్చే ప్రమాదాన్ని వీళ్ల నెత్తిన పెట్టడం ఏ న్యాయం మంత్రి గారూ?

అనుమతి కథ చెప్పాలంటే నా షాపులో కాగితం చాలదు. నీళ్లు ఒక శాఖవి, చేపలు ఒక శాఖవి, బోటింగ్ ఒక శాఖది, ఆట ఒక శాఖది. ఒకరి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, తెమ్మని ఇంకొకరు. మాది టికెట్ బోటింగ్ కాదు, పిల్లల నెల ఫీజు తప్ప రూపాయి వసూలు లేదు అన్నా సీటుకు ఇంత కట్టమన్నారు. ఒక్క చేపల సంఘం వాళ్లే ఒకే రోజులో తీర్మానం రాసిచ్చారు. అదీ ఊరికే రాలేదు. మా బోట్ల అడుగున చేప రెక్కలాంటి ఫిన్ ఉంటుంది. మొదటి ఏడాది అది తగిలి మూడు వలలు చిరిగాయి. అక్క పోయి ఆ ఇళ్ల ఆడవాళ్ల దగ్గర కూర్చుని వారం రోజులు వల అల్లింది. అప్పటి నుంచి వాళ్లు వలలు ఎత్తిన తర్వాతే మా పిల్లలు నీళ్లలో దిగుతారు, వల ఉన్నచోట వాళ్లే ఖాళీ బాటిళ్లు తేలగడతారు. చెరువు మీద బతికేవాళ్లతో ఒప్పందం చేసుకోవడం మా వాళ్లకు సాధ్యమైంది. ఆఫీసులతోనే సాధ్యం కావడం లేదు.

ఇంకొకటి మీ ఆఫీసర్లకు ఎవరైనా చెప్పాలి. మా చెరువుకు నీళ్లు ఆగస్టులో వస్తాయి. ఫిబ్రవరి దాటితే పొలాలకు తూము తీస్తారు, తీయాలి కూడా, రైతు ముందు. మార్చి చివరికి మధ్యలో బురద తేలుతుంది. మాకున్నది ఆరేడు నెలలు. ‘వచ్చే నెల చూద్దాం’ అని ఒక్కసారి అంటే ఏడాది పోయినట్టే. ఇలా రెండు ఏడాదులు పోయాయి. మొదట్లో చేరిన పిల్లల్లో ఇద్దరు ఇంటర్‌కు పోయి ఆట మానేశారు. ఇంకొకరు జాతీయ పోటీలకు పోవాలంటే గుర్తింపు కావాలన్నారు, గుర్తింపుకు మళ్లీ అదే అనుమతి ఫైలు.

2023 జూలై చివర్లో వరదలు వచ్చాయి. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు మునిగి జనాన్ని హెలికాప్టర్లతో కాపాడిన రోజులవి. హనుమకొండలో కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. ఆ రాత్రి అన్నకు ఫోన్ వచ్చింది, తెప్ప తీసుకుని రమ్మని. పోయాడు. పీఈటీ సారు కూడా ఆయనతో పోయాడు. నడుముల్లోతు నీళ్లలో ముసలివాళ్లను, పసిపిల్లలను తెప్ప మీద కూర్చోబెట్టి బయటకు తెచ్చారు. ఆ రాత్రి వాళ్లను ఎవరూ స్టాంపు పేపరు అడగలేదు.

ఈ ఆట మనది కాదని మీ ఆఫీసులో ఒకాయన సారుతో అన్నాడట. 2010లో గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రోయింగ్‌లో మన దేశానికి మొదటి బంగారు పతకం తెచ్చిన బజరంగ్‌లాల్ తాఖర్‌ది రాజస్థాన్. 2016లో రియో ఒలింపిక్స్‌కు పోయి, 2018 ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్న దత్తు భోకనల్‌ది నాసిక్ జిల్లాలో నీళ్లకు కటకటలాడే ఊరు. తండ్రితో కలిసి బావులు తవ్విన పిల్లవాడు, సైన్యంలో చేరాకే తెడ్డు పట్టాడు. గుక్కెడు నీళ్లకు కరువున్న చోట నుంచి వాళ్లొచ్చారు. మనకు పాకాల ఉంది, రామప్ప ఉంది, లక్నవరం ఉంది. కాకతీయుల కాలం నాటి చెరువుల కింద పుట్టిన పిల్లలకు ఈ ఆట ఎందుకు మనది కాదు? ఒలింపిక్స్‌లో దూరం 2000 మీటర్లు. మా చెరువు నిండితే కట్ట వెంట తిన్నగా అంత నీరు ఉంటుంది. సారు దాన్ని తాడుతో కొలిచి రెండు చివర్లా వెదురుకు ఎర్రగుడ్డలు కట్టాడు. మీరే వచ్చి చూడండి.

మోటారు బోటు ఇప్పించండి. కొత్తదే కావాలని లేదు, పని చేసేది చాలు. ఆ స్టాంపు పేపరు వెనక్కి తీసుకోండి. బాధ్యత క్లబ్‌కు ఉండాలి, ఒప్పుకుంటాం. పిల్లలకు, నేర్పేవాళ్లకు ఇన్సూరెన్స్ చేయించండి, మా వంతు మేం కడతాం. ఆ ఫైలు కదిలించండి. మళ్లీ చెబుతున్నాను, ముందు మోటారు బోటు ఇప్పించండి.

హామీపత్రం గడువు ఈ నెల 30తో అయిపోతుంది. మళ్లీ కొత్తది రాసివ్వాలని ఫోన్ వచ్చింది. ఈసారి అన్న భార్య ఒప్పుకోవడం లేదు. ఇద్దరు ఆడపిల్లలున్నారు, ఒక్క రేకుల ఇల్లు ఉంది, ఆమెను తప్పు పట్టలేను. సారు పిల్లలు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి ‘ఈ వయసులో మీకెందుకు నాన్నా’ అంటున్నారు. నిన్న పొద్దున నేను బిడ్డను దింపడానికి పోతే ముగ్గురూ కట్ట మీద మాట్లాడకుండా కూర్చున్నారు. పిల్లలు బోట్లు భుజాన ఎత్తుకుని నీళ్ల దగ్గర నిలబడ్డారు. కాసేపటికి అక్క లేచి కిందికి దిగి, మొదటి బోటు దగ్గర కూర్చుని తాడు కింద వేళ్లు పెట్టింది.

30వ తేదీ లోపల మీరు ఒకసారి రండి సార్. పొద్దున 6 గంటలకు అందరూ అక్కడే ఉంటారు.

ఇట్లు,
ఒక తండ్రి,
హనుమకొండ