బీరువా తాళం తీయించండి: విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ)గా చేరి ప్రాథమిక పాఠశాల హెచ్‌ఎంగా రిటైరయ్యాను. సర్వీసంతా దాదాపు చిన్న తరగతుల పిల్లలతోనే గడిచింది. బదిలీల గురించి, జీతాల సవరణ (పీఆర్సీ) గురించి మీకు రోజూ ఎన్నో ఉత్తరాలు వస్తుంటాయి. ఇది ఒక బీరువా గురించి.

నేను పనిచేసిన ఒక బడిలో ఆఫీసు గది మూలన ఇనుప బీరువా ఉండేది. చెక్క దిమ్మెలు, పూసల చట్రం, తక్కెడ, తూకపురాళ్లు, భూతద్దాలు, ముళ్లు తిప్పే అట్ట గడియారం అన్నీ అందులోనే. కొన్నిటికి కవరు కూడా తీయలేదు. నేను చార్జి తీసుకున్న రోజు పాత హెచ్‌ఎంగారు స్టాక్ రిజిస్టరు నా చేతిలో పెట్టి, "అన్నీ ఒకసారి లెక్క చూసుకోండమ్మా. పిల్లల చేతికిస్తే ఏదో ఒకటి పోతుంది. ఆడిట్‌లో అడిగితే మనమే కట్టాలి" అన్నారు. ఆయన్ని నేను తప్పు పట్టను. జీతం మీద బతికే మనిషికి ఉండే భయమే అది. ఆ భయంతోనే నేను కూడా కొన్ని నెలలు ఆ తాళం తీయలేదు.

తీసిన రోజు మాత్రం బాగా గుర్తుంది. మూడో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు. బోర్డు మీద 500లోంచి 200 తీసేయమంటే బిక్కమొహం వేసేవాడు. ఆ రోజు తక్కెడ తెచ్చి బల్ల మీద పెట్టాను, మధ్యాహ్న భోజనానికి తెచ్చిన ఉల్లిగడ్డల్లోంచి ఒక గంపెడు పక్కన పెట్టాను. ఏం చేయాలో చెప్పలేదు. వాడు ముందుకొచ్చాడు. వాళ్లమ్మ సంతలో కూరగాయలు అమ్ముతుంది. ఎడమ చేత్తో దండె పట్టుకుని, ఒక పళ్లెంలో అర కిలో రాయి వేసి, రెండో పళ్లెంలో ఒక్కొక్క ఉల్లిగడ్డా వేశాడు. చివర్లో దండె కొంచెం వాలింది. ఒక పెద్ద గడ్డ తీసి, గంపలో వెతికి వెతికి దానికంటే చిన్నది వేశాడు. దండె సమంగా నిలబడింది. "ఏడు వచ్చాయి మేడం. చిన్నవైతే ఇంకా ఎక్కువొస్తాయి" అన్నాడు.

అంతే, చుట్టూ మూగారు. టమాటాలైతే ఎన్నని ఒకరు, చింతపిక్కలైతే ఎన్నని ఇంకొకరు. ఆ ప్రశ్నలేవీ నేను అడిగినవి కావు. అర కిలో రాయికి బదులు ఏ ఏ రాళ్లు వేస్తే సరిపోతుందని వాళ్లే చూసుకున్నారు. రెండు వందలది, ఇంకో రెండు వందలది, వందది. 'అర కిలోలోంచి రెండు వందలు తీస్తే మూడు వందలు' అని ఆ పిల్లాడే పక్కవాడికి నేర్పాడు. లెక్క వాడికి ముందే వచ్చు. మా బోర్డుకే అది తెలియలేదు.

ఆ నెలలో 50 గ్రాముల రాయి ఒకటి పోయింది. బజారులో కొని పెట్టాను. అదే నెలలో తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మంలోనే నిలబడి, "క్లాసు సంతలా ఉందేంటమ్మా? సిలబస్ ఎంతవరకైంది?" అని అడిగి వెళ్లిపోయారు. పిల్లలు ఏం చేస్తున్నారో చూడలేదు.

చేతులతో చేసి నేర్చుకోవడం మనకు కొత్త కాదు సార్. ఉమ్మడి రాష్ట్రంలో 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ప్రాథమిక విద్యా ప్రాజెక్టు మొదలైంది. మా తరం టీచర్లకు దాని పేరు 'ఆపెప్'. చేసి తెలుసుకోవాలి, చుట్టూ ఉన్న పరిసరాలను వాడుకోవాలి, పిల్లలు చేసినవి గోడకు పెట్టాలి అంటూ ఆరు సూత్రాలు ఉండేవి. టీచర్ల సెంటర్లలో కూర్చుని అట్టలు కత్తిరించిన రోజులు ఎంతోమంది సీనియర్లకు గుర్తుంటాయి. ప్రాజెక్టు అయిపోయింది, చార్టులు వెలిసిపోయాయి.

ఇంకా దగ్గరి సంగతి మదనపల్లె పక్కన రిషి వ్యాలీ బడిది. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లె పిల్లల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. ఒక గది, ఒక టీచరు, రకరకాల తరగతుల పిల్లలు. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెనలా మెట్లు గీశారు. పిల్లాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని, గుర్తును బట్టి తన కార్డు తానే తీసుకుంటాడు. కొన్ని పనులు టీచరు దగ్గర, కొన్ని తోటివాళ్లతో, కొన్ని ఒక్కడే. జ్వరం వచ్చి వారం రోజులు రాకపోతే, వచ్చాక ఆగిన మెట్టు నుంచే మొదలుపెడతాడు. ఎవరి కంటే వెనకబడ్డాననే టెన్షన్ లేదు. కర్ణాటక ఈ పద్ధతిని చూసి 'నలి కలి' మొదలుపెట్టింది. తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో ప్రారంభించి, తర్వాత రాష్ట్రమంతా తీసుకెళ్లింది. అప్పటి చిత్తూరు జిల్లా పల్లెల్లో పుట్టిన పద్ధతిని పొరుగు రాష్ట్రాలు అంత పెద్ద ఎత్తున అమలు చేశాయని చదివినప్పుడల్లా నాకు సంతోషం, బాధ రెండూ కలుగుతాయి. ఏకోపాధ్యాయ బడుల్లో ఇవన్నీ కుదరవని ఎవరైనా మీతో అంటే, ఇది పుట్టిందే అలాంటి బడుల కోసమని చెప్పండి.

చట్టం కూడా పిల్లల వైపే ఉంది. కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా, పిల్లలకు భయం లేకుండా చదువు సాగాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. 2023 ఫిబ్రవరిలో కేంద్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 'జాదుయీ పిటారా' పేరుతో ఆటవస్తువుల పెట్టెను విడుదల చేసింది. పెట్టెలు వస్తూనే ఉంటాయి. అవి ఎక్కడికి చేరతాయన్నదే నా దిగులు.

ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. అప్పటికి మన కోస్తా, సీమ జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలోనివే. ఆమె పిల్లల చేతికి ప్లాస్టిక్ గ్లాసులు, రేకు గిన్నెలు ఇవ్వలేదు. నిజం గాజు గ్లాసులు, పింగాణీ పళ్లేలే ఇచ్చారు. జారితే పగులుతుందని తెలిస్తేనే చెయ్యి జాగ్రత్త నేర్చుకుంటుంది. ఇది చదివినప్పుడు నాకు మా స్టాక్ రిజిస్టరే గుర్తొచ్చింది. మా దగ్గర వస్తువు పగిలితే నష్టం, ఆమె దగ్గర అదీ పాఠమే.

అందుకే మిమ్మల్ని ఒక జీవో అడుగుతున్నాను. అంగన్‌వాడీ నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు వాడే బోధన సామగ్రి విరిగినా, అరిగినా, ఒకటీ రెండూ పోయినా టీచరు దగ్గర రికవరీ చేయకూడదని, దాన్ని వాడకం కింద రాసుకోవచ్చని స్పష్టంగా ఇవ్వండి. అంగన్‌వాడీలు వేరే శాఖ కిందివని తెలుసు, ఆ మంత్రిగారితో మీరే మాట్లాడాలి. విరిగినవాటికి బదులు కొత్తవి, పోయిన చింతపిక్కలకు, గవ్వలకు బదులు వేరేవి కొనుక్కోవడానికి బడికి కొద్దిగా డబ్బు ఉంచండి. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో టీచరుకు ఏడాదికి 500 రూపాయల బోధన సామగ్రి (టీఎల్ఎమ్) గ్రాంటు వచ్చేది. చిన్న మొత్తమే. కానీ అందులో ఖర్చు పెట్టే స్వేచ్ఛ ఉండేది.

తనిఖీ ఫారం కూడా మార్చండి. సిలబస్ గడి పక్కన, 'ఈ రోజు పిల్లలు తమంతట తాము ఏం ఎంచుకున్నారు' అని ఒక గడి పెట్టండి. అధికారి ఒక మూల కూర్చుని పావుగంట చూస్తే తప్ప ఆ గడి నిండదు. శనివారాలు 'నో బ్యాగ్ డే' అన్నారు, చాలా సంతోషించాను. కానీ ఆ ఒక్క రోజు ఆటపాటలు, మిగతా ఐదు రోజులు వర్క్‌బుక్కులు అని స్థిరపడిపోతుందేమోనని భయంగా ఉంది. ఉల్లిగడ్డల లెక్క మంగళవారం కూడా జరగాలి.

ఇంటి సంగతి కూడా చెప్పాలి. నాలుగేళ్ల మా మనవరాలు మొన్న చిక్కుడుకాయలు వలుస్తుంటే పక్కన చేరింది. గింజలన్నీ నేల మీద పరిచి, లేతవి ఒకచోట, ముదురువి ఒకచోట, పుచ్చువి గడప అవతల పెట్టింది. అందుకు గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు 'అలా కాదమ్మా' అనబోయి ఆగాను. ఆ మాట ఆపుకోవడం ముప్పై ఏళ్లు టీచరుగా చేసిన నాకే కష్టమైంది. దాని నోట్‌బుక్కులో గీతలు సరిగ్గా లేవని వాళ్ల నాన్న టెన్షన్ పడుతుంటాడు. చేతివేళ్లకు ఆ గింజల దగ్గర దొరికిన పనే రేపు పెన్సిల్ పట్టుకోవడానికి పనికొస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు. 2024 డిసెంబరు 7న మీరు అన్ని ప్రభుత్వ బడుల్లో ఒకేసారి తల్లిదండ్రుల మెగా సమావేశం జరిపించారు. ఈసారి అందులో ప్రసంగాలు కొంచెం తగ్గించి, తల్లిదండ్రులను పిల్లల పక్కన నేల మీద కూర్చోబెట్టండి. ముందు వామనగుంటల పీట పెట్టండి. ఏడేసి గుంటలు రెండు వరుసలు, గుంటకు ఐదు గింజలు. మొత్తం ఎన్నో పిల్లల్నే చెప్పనివ్వండి.

మీరు జిల్లా పర్యటనల్లో బడికి వెళ్లినప్పుడు ఆఫీసు గదిలోని బీరువా ఒకసారి తీయించి చూడండి. లోపల కవర్లు తీయని పెట్టెలు కనిపిస్తే ఆ టీచరును కోప్పడకండి. తాళం ఎందుకు తీయలేదని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రాథమిక పాఠశాల హెచ్‌ఎం
అనంతపురం జిల్లా