తల్లి ఎవరో చెప్పకుండా జబ్బు కుక్కపిల్లను అమ్మిన మీ బ్రాంచి మీద ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
హెడ్ ఆఫీసు, హైదరాబాద్.

విషయం: మీ బ్రాంచిలో కొన్న లాబ్రడార్ పిల్ల పార్వో అనే అంటు వైరస్ జబ్బుతో చనిపోవడం, తప్పుడు వయసు, నమ్మకం లేని వ్యాక్సిన్ కార్డు, సరైన బిల్లు ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

గత నెలలో మా ఇంటి దగ్గరున్న మీ పెట్ షాపు బ్రాంచిలో 18,000 రూపాయలు కట్టి ఒక ఆడ లాబ్రడార్ పిల్లను కొన్నాం, చిట్టి అని పేరు పెట్టుకున్నాం. వారం తిరక్కుండానే అది పార్వోతో చనిపోయింది. మీ బ్రాంచి మేనేజర్‌తో ఫోన్లో మాట్లాడాం, షాపుకెళ్ళి మాట్లాడాం, డాక్టరు రిపోర్టులు వాట్సాప్‌లో పంపాం. చూసినట్టు టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు. అందుకే ఈ ఉత్తరం నేరుగా మీకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

డబ్బు సంగతి తర్వాత రాస్తాను. అంతకంటే తొందరపడాల్సిన పని ఒకటుంది. ఆ రోజుల్లో మీ బ్రాంచి నుంచి కుక్కపిల్లల్ని తీసుకెళ్ళిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, మా దగ్గర పార్వో బయటపడింది, మీ పిల్లను వెంటనే డాక్టరుకు చూపించండి అని మీరు చెప్పాలి. ఈ రోజు వరకు ఎవరికీ చెప్పలేదని మీ మేనేజరే నాతో అన్నారు. "అందరికీ చెప్తే షాపు మూసుకోవాలి మేడమ్" అన్నారు.

ఇది మా ఒక్క పిల్లకు వచ్చిన కష్టం కాదని ఎందుకు అంటున్నానంటే, మా చిట్టికి డ్రిప్పు పెట్టిన క్లినిక్‌లోనే పక్క టేబుల్ మీద ఒక బీగిల్ పిల్ల పడుకుని ఉంది. దానికీ అవే రక్త విరేచనాలు. మాటల్లో తెలిసింది, అదీ మీ బ్రాంచిలోనే ఆ వారమే కొన్నదని. డాక్టరుగారు రెండు వ్యాక్సిన్ కార్డులూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూశారు. రెండిట్లోనూ ఒకే చేతిరాత. మందు సీసా మీద నుంచి తీసి అతికించే స్టిక్కర్ల మీద ఒకే బ్యాచ్ నంబరు. కింద వేసిన స్టాంపు రెండు కార్డుల్లోనూ అలుక్కుపోయి ఉంది. టీకా వేసిన డాక్టరు పేరు గానీ, రిజిస్ట్రేషన్ నంబరు గానీ భూతద్దం పెట్టి చూసినా కనబడదు. ఆ బీగిల్ కూడా బతకలేదు.

మా కార్డులో పుట్టిన తేదీ దగ్గర ఒక అంకె మీద ఇంకో అంకె దిద్ది ఉంది. ఆ తేదీ ప్రకారం కొన్ననాటికి దాని వయసు తొమ్మిది వారాలు. డాక్టరుగారు నోరు తెరిచి వేలితో చిగుళ్ళు తడిమి, ఇది తొమ్మిది వారాల పిల్ల కాదమ్మా అన్నారు. ఎనిమిది వారాలకల్లా కుక్కపిల్లకు 28 పాలపళ్ళూ వచ్చేస్తాయట. చిట్టికి ముందు పళ్ళున్నాయి, వెనక కొన్నిచోట్ల చిగుళ్ళు మాత్రమే ఉన్నాయి. బరువు రెండు కిలోలు దాటలేదు. ఐదు వారాలు, మహా అయితే ఆరు ఉంటాయని చెప్పి అదే మాట కేసు షీటులో రాశారు.

ఇక్కడ మీరు ఒక లెక్క చూడాలి. కార్డులో వ్యాక్సిన్ వేశామన్న తేదీ, మేం కొన్న రోజుకి రెండు వారాల ముందుది. పిల్ల వయసు ఐదారు వారాలైతే, ఆ టీకా పడింది మూడు నాలుగు వారాల వయసులో. అప్పుడు దాని ఒంట్లో తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా ఉంటుంది, అది టీకాను పనిచేయనివ్వదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా విడతలు విడతలుగా వేయిస్తారు. అంటే మీ కార్డు నిజమే అనుకున్నా ఆ టీకా దండగ. అబద్ధమైతే అసలు టీకాయే లేదు. ఎటు చూసినా, "వ్యాక్సిన్ అయిపోయింది, ఏ టెన్షనూ లేదు" అని మాకు చెప్పి అమ్మిన మాట నిజం కాదు.

ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు అన్నది నా సొంత మాట కాదు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లోనూ, పెట్ షాపుల మీద 2018లోనూ కేంద్రం తెచ్చిన నిబంధనల్లో ఆ మాట ఉంది. రెండూ 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద వచ్చినవే. పెట్ షాపు నడపాలంటే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి. మీ బ్రాంచి గోడ మీద డాగ్ ఫుడ్ పోస్టర్లున్నాయి, ఆఫర్ల బోర్డుంది, ఆ సర్టిఫికెట్ మాత్రం నాకు కనబడలేదు. అడిగితే "హెడ్ ఆఫీసులో ఉంటుంది" అన్నారు. ఇప్పుడు హెడ్ ఆఫీసునే అడుగుతున్నాను. దాని కాపీ పంపండి.

జబ్బు ఎలా వచ్చిందో కూడా రాయాలి, ఎందుకంటే మీ మేనేజరు తప్పు మా మీదికి తోశారు. చిట్టి ఇంటికి వచ్చిన మర్నాడు సాయంత్రానికే పాలు ముట్టలేదు. మా అత్తగారు పెరుగన్నం మెత్తగా కలిపి పెడితే మూతి పక్కకు తిప్పుకుంది. రాత్రి పచ్చటి నురగ కక్కింది. షాపుకు ఫోన్ చేస్తే, "ఫుడ్ ఛేంజ్ వల్ల మోషన్స్ అవుతాయి మేడమ్, ఓఆర్‌ఎస్ పట్టండి" అన్నారు. తెల్లారేసరికి విరేచనంలో రక్తం. ఆ వాసన ఎలాంటిదో, మీరు కుక్కల వ్యాపారంలో ఉన్నారు కాబట్టి నేను చెప్పక్కర్లేదు. క్లినిక్‌లో కిట్టుతో పరీక్ష చేస్తే పార్వో పాజిటివ్ వచ్చింది. రక్త పరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. ఈ వైరస్‌కు నేరుగా పనిచేసే మందు మామూలుగా దొరకదు. డ్రిప్పు, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్లు, వేరే ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్స్ ఇచ్చి, పిల్ల తట్టుకుంటుందా లేదా అని చూడటమే. చిట్టి ఒంట్లో తట్టుకునేంత బలం లేదు. చివరి రోజు మా అమ్మాయి పేరు పెట్టి పిలిస్తే తల ఎత్తలేకపోయింది, తోక మాత్రం టేబుల్ మీద రెండుసార్లు కొట్టింది.

"జబ్బు మీ ఇంట్లోనే అంటుకుంది" అని మీ మేనేజరు వాదన. పార్వో లోపలికి వెళ్ళాక లక్షణాలు బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. మా దగ్గరికి వచ్చిన మర్నాడే తిండి మానేసిన పిల్లకు జబ్బు ఎక్కడ అంటుకుని ఉంటుందో లెక్క మీరే వేయండి. మేం మూడో అంతస్తులో ఉంటాం. ఇంతకు ముందు మా ఫ్లాట్‌లో కుక్క లేదు, చిట్టిని కిందికి దించనూ లేదు.

మీ బ్రాంచిలో ఎక్కడ అంటుకుంటుందో నేను కళ్ళారా చూశాను. డబ్బులు అడగడానికి వెళ్ళినప్పుడు చాలాసేపు కూర్చోబెట్టారు, అప్పుడు చూశాను. అద్దాల పెట్టెలో లాబ్రడార్లు, షిట్జూలు, ఒక పగ్ అన్నీ కలిపి ఉన్నాయి. కొత్తగా ఒక లాట్ వచ్చింది, బెంగళూరు నుంచి రాత్రి బస్సులో అట. ఆ బుట్టలోని పిల్లల్ని తీసి, కాళ్ళు కూడా తుడవకుండా అదే పెట్టెలో వేశారు. కుర్రాడు ఒకే గుడ్డతో ఈ పెట్టె తుడిచి, ఆ పెట్టె తుడిచి, బకెట్లో ముంచి మళ్ళీ తుడిచాడు. బకెట్లో ఉన్నది ఫినాయిల్. ఫినాయిల్‌కు పార్వో చావదు. ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్ళు కలిపి, శుభ్రంగా కడిగిన చోట పోసి, పది నిమిషాలు ఆగాలని మాకు డాక్టరుగారు రాసిచ్చారు. మా హాల్లో నేను చేసిన పని మీ షాపులో ఎందుకు జరగడం లేదు? ఆ కుర్రాణ్ణి నేను తప్పు పట్టను. అతనికి ఎవరూ నేర్పలేదు.

వేరువేరు చోట్ల పుట్టిన పిల్లలు, సరిగ్గా తల్లి ఇచ్చిన రక్షణ తగ్గిపోయే వయసులో, ప్రయాణంతో అలిసిపోయి, ఒకే పెట్టెలో ఒకదాని మలం ఒకటి తొక్కుతూ ఉంటాయి. అందులో ఒక్కదానికి పార్వో ఉన్నా మిగతావి తప్పించుకోవడం కష్టం. పాలు తాగే బిడ్డను తల్లి ఒళ్ళోంచి లాక్కుని జాతరలో వదిలేసినట్టుంది మీ పద్ధతి.

తల్లి గురించి రాయకుండా ఉండలేను. కొనేటప్పుడు మేం అడిగిన మొదటి మాటే, తల్లిని చూడొచ్చా అని. "ఫారంలో ఉంది మేడమ్, మంచి లైన్" అని ఫోన్లో పచ్చిక మీద నిలబడిన ఒక నిగనిగలాడే లాబ్రడార్ ఫోటో చూపించారు. ఫారం ఎక్కడ అంటే చెప్పలేదు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) కాగితాలు ఉన్నాయా అంటే, "కావాలంటే ఇంకో ఎనిమిది వేలు" అన్నారు. కెన్నెల్ క్లబ్ కాగితం తల్లీతండ్రుల రికార్డును బట్టి పిల్లకు రావలసింది. డబ్బులిస్తే పుట్టి, ఇవ్వకపోతే పుట్టని కాగితాన్ని ఏమని నమ్మాలి? 2017 నిబంధనల ప్రకారం ఆడకుక్కను పద్దెనిమిది నెలలు నిండకుండా జత కట్టించకూడదు, ఏడాదికి ఒక్క ఈత కంటే ఎక్కువ ఉండకూడదు, జీవితం మొత్తంలో ఐదు ఈతలు మించకూడదు. బ్రీడర్ కూడా బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఐదో వారంలోనే పిల్లల్ని లాగేసుకునే చోట ఈ లెక్కలు ఎవరు పాటిస్తారు? చిట్టిని కన్న తల్లి ఇప్పుడు ఏ పంజరంలో ఉందో, మళ్ళీ ఎన్నో ఈతకు సిద్ధం చేస్తున్నారో అన్నది నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వడం లేదు. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు కుక్కపిల్లల్ని షాపులు, మధ్యవర్తులు అమ్మకుండా ఆపేశారు. కొనేవాళ్ళు బ్రీడర్ దగ్గరికే వెళ్ళాలి, లేదా షెల్టర్ నుంచి తెచ్చుకోవాలి. మన దగ్గర షాపులకు అనుమతి ఉంది, సరే. కానీ పిల్ల ఎవరి దగ్గర నుంచి వచ్చిందో, ఎవరికి అమ్మారో రికార్డు పెట్టే బాధ్యత మీదే. ఆ రికార్డులో చిట్టి ఎంట్రీ నాకు కావాలి.

బిల్లు సంగతి. 18,000 ఫోన్‌పేలో కట్టించుకున్నారు. అది కంపెనీ ఖాతాకు కాదు, ఒక వ్యక్తి పేరున ఉన్న ఖాతాకు వెళ్ళింది. బెల్టు, గిన్నె, రెండు కిలోల ఫుడ్డుకు మాత్రం జీఎస్టీ బిల్లు ఇచ్చారు. కుక్కపిల్లకు ఇచ్చింది తెల్లకాగితం మీద "ఎస్టిమేట్" అని రాసిన చీటీ. దాని అడుగున "లైవ్ యానిమల్స్‌కు గ్యారంటీ లేదు, డబ్బు వాపసు లేదు" అని స్టాంపు. ప్రాణమున్న జీవిని సరుకు అనడం నాకు ఇష్టం లేదు. కానీ మీరు సరుకుగానే అమ్మారు కాబట్టి అదే చట్టం మాట్లాడతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినదానికి బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం కూడా అంతే. ఒక రబ్బరు స్టాంపు వేసినంత మాత్రాన ఆ చట్టం రద్దు కాదు.

మీ వాళ్ళు ఒక పరిష్కారం చెప్పారు, అదీ మీకు తెలియాలి. "ఐదు వేలు కట్టండి మేడమ్, వేరే పప్పీ తీసుకెళ్ళండి" అన్నారు. పార్వో వైరస్ ఇంట్లో, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టీకాలు పూర్తికాని పిల్లను ఇప్పట్లో మా ఇంటికి తేవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆ మాట మీ మేనేజరుకు చెప్పాక కూడా ఆయన షిట్జూ పిల్లను ఎత్తి మా అమ్మాయి చేతిలో పెట్టబోయారు. అది అప్పటికే ముడుచుకుని వణుకుతోంది. దాన్ని ముందు డాక్టరుకు చూపించండి అని చెప్పి వచ్చేశాం.

నేను కోరేవి ఇవి. ఆ నెలలో పిల్లల్ని కొన్న వాళ్ళందరికీ వెంటనే కబురు చేయండి. ఇది పదిహేను రోజుల గడువుతో జరిగే పని కాదు, ఉత్తరం అందిన రోజే జరగాలి. షాపులో ఇప్పుడున్న పిల్లలన్నిటికీ పరీక్ష చేయించి, పెట్టెలు సరైన మందుతో కడిగించి, డాక్టరు రాతపూర్వకంగా సరేననే దాకా అమ్మకాలు ఆపండి. బోర్డు రిజిస్ట్రేషన్ కాపీ, చిట్టిని మీకు అమ్మిన బ్రీడర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, టీకా వేసిన డాక్టరు వివరాలు నాకు పంపండి. పిల్ల ధర 18,000, వైద్యానికి అయిన 21,400 కలిపి 39,400 రూపాయలు చెక్కు ద్వారా తిరిగి ఇవ్వండి. ఆ డబ్బు నాకు ముఖ్యమే, వదులుకునే ఉద్దేశం లేదు. అయితే మొదటి మూడూ చేయకుండా చెక్కు మాత్రం పంపి ఫైలు మూసేస్తామంటే నేను ఒప్పుకోను.

పరీక్ష రిపోర్టు, కేసు షీటు, వ్యాక్సిన్ కార్డు రెండు వైపులా, ఎస్టిమేట్ చీటీ, ఫోన్‌పే రసీదు, వాట్సాప్ సంభాషణ కాపీలు దీనికి జత చేశాను. ఒరిజినల్స్ నా దగ్గరే ఉన్నాయి. ఈ ఉత్తరం కాపీ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డుకు ఈ రోజే పంపుతున్నాను, మీ జవాబు కోసం దాన్ని ఆపను. మిగతా విషయాలపై ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో మీ సంతకంతో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదు. ఆ బీగిల్ కుటుంబం కూడా తమ కాగితాలతో నాతో పాటు వస్తామన్నారు.

ఫోన్ చేయాలనుకుంటే సాయంత్రం ఆరు తర్వాత చేయండి. మాట్లాడింది మళ్ళీ ఈమెయిల్‌లో రాసి పంపాలి.

ఇట్లు,
మీ బ్రాంచిలో లాబ్రడార్ పిల్లను కొన్న కస్టమరు,
హైదరాబాద్.