రక్షణ స్థాయీ సంఘం అధ్యక్షులవారికి బహిరంగ లేఖ

పార్లమెంటరీ రక్షణ స్థాయీ సంఘం గౌరవ అధ్యక్షులవారికి,

నమస్కారములు. సియాచిన్, లద్దాఖ్ ఎత్తుల్లో పనిచేసే సైనికుల దుస్తులు, సామగ్రి, వసతి గురించి 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ (ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదికను తమ దృష్టికి మరోసారి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. 2015 నవంబరు నుంచి 2016 సెప్టెంబరు వరకు అక్కడి జవాన్లకు కొత్త బూట్లు అందక పాతవాటినే బాగుచేసి ఇచ్చారని, మంచు కళ్ళద్దాలకు తీవ్రమైన కొరత ఏర్పడిందని ఆ నివేదిక తేల్చింది. ఎత్తైన ప్రాంతాల్లో నివాసాల కోసం చేపట్టిన ప్రయోగాత్మక పథకమైతే దాదాపు 274 కోట్ల రూపాయలు ఖర్చయ్యాక కూడా ఫలించలేదు.

ఇలాంటి లోపాల గురించి స్థాయీ సంఘం చేసే సిఫార్సులపై రక్షణ మంత్రిత్వశాఖ మూడు నెలల్లో తీసుకున్న చర్యల నివేదిక ఇవ్వాలి. అయితే ‘పరిశీలనలో ఉంది’ అనే జవాబుతో ఫైలు మూసే అవకాశం ఉన్నంతకాలం ఆ గడువుకు విలువ తక్కువే. జర్మనీలో రాజ్యాంగంలోని 45బి అధికరణం కింద పార్లమెంటు నియమించే సైనిక కమిషనర్‌కు ఏ సైనికుడైనా పై అధికారుల ద్వారా కాకుండా నేరుగా ఫిర్యాదు చేసుకోవచ్చు. అటువంటి ఏర్పాటు మన దగ్గర సాధ్యమో కాదో సంఘం విచారించాలని, ఈలోగా వసతి, శిక్షణ, సామగ్రి అంశాలపై సభ్యులు ముందస్తు సమాచారం లేకుండా శిబిరాలను సందర్శించి తమ పరిశీలనలను సభ ముందుంచాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పౌరుడు