ప్రెసిడెంట్ బీరువాలో చెక్‌బుక్

సంపాదకులకు నమస్కారం.

కిందటి వేసవిలో ఎంవీపీ కాలనీలోని మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ 19 రోజులు ఆగిపోయింది. చిన్న రిపేరే. కానీ సర్వీసు కాంట్రాక్టు గడువు అయిపోయింది, డబ్బు కడితేగానీ మెకానిక్ రాడు. చెక్కు మీద సంఘం ప్రెసిడెంట్ గారి సంతకం కావాలి. ఆయన అమెరికాలో కొడుకు దగ్గర ఉన్నారు, చెక్‌బుక్ ఆయన బీరువాలో ఉంది. నాలుగో అంతస్తులో డయాలిసిస్‌కి వెళ్లే పెద్దావిడ ఉంటారు. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి వాచ్‌మన్, మా అబ్బాయి మెట్ల మీదుగా మోసుకెళ్లేవారు. మలుపు వచ్చినప్పుడల్లా ఆవిడ భయంతో గోడ పట్టుకునేవారు. బ్యాంకులో మా డబ్బు ఉండగానే, చివరికి ఇంటికి వెయ్యి చొప్పున చందా వేసుకుని లిఫ్ట్ బాగు చేయించుకున్నాం.

ప్రెసిడెంట్ గారు చెడ్డవారేం కాదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వచ్చి కరెంటు పోయి, బోరు మోటారు ఆడని రోజుల్లో ఎక్కడెక్కడో తిరిగి ట్యాంకర్ తెప్పించారు. గేటు దగ్గర తనే నిలబడి ఇంటికిన్ని బిందెలని రాసుకుంటూ పోయించారు. అప్పటినుంచీ ఆయనే ప్రెసిడెంట్. 'మీరుండగా ఇంకొకరెందుకండీ' అని ప్రతిసారీ చప్పట్లు కొట్టి వచ్చేశాం. సెక్రటరీ, ట్రెజరర్ల పేర్లు కాగితం మీదే మిగిలాయి. ఇందులో తప్పు ఆయనదెంతో మాదీ అంతే.

నోటీసులు, రికార్డులు సెక్రటరీ చూడాలి. వసూళ్లు, రసీదులు ట్రెజరర్ చూడాలి. వాళ్లిద్దరూ తమ పని చేస్తున్నారో లేదో గమనించడం, మీటింగ్‌లో గొంతు పెద్దగా లేనివాళ్లకి కూడా మాట్లాడే అవకాశం ఇవ్వడం, తీర్మానాన్ని అక్కడికక్కడే మినిట్స్ పుస్తకంలో రాయించడం ప్రెసిడెంట్ పని. మూడు పనులూ ఒక్కరి చేతిలోకి పోతే, ఆ ఒక్కరిని అడిగేవాళ్లుండరు. ఆయన ఊరెళ్తే పని చేసేవాళ్లూ ఉండరు.

లిఫ్ట్ గొడవలోనే మా బైలాస్, అంటే సంఘం నియమావళి, మొదటిసారి తీసి చదివాను. ప్రెసిడెంట్ లేనప్పుడు వైస్ ప్రెసిడెంట్ బాధ్యత తీసుకోవాలని స్పష్టంగా ఉంది. ఆ వైస్ ప్రెసిడెంట్ ఫ్లాట్ అమ్ముకుని హైదరాబాద్ వెళ్లి మూడేళ్లయింది!

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చు. నమోదయ్యాక ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, లెక్కలు చూపాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి పంపాలి. మాలాంటి సంఘాల్లో ఇవి ఎవరికీ గుర్తుండవు. మా బైలాస్ మొత్తం ఇంగ్లీషులోనే ఉన్నాయి. జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయం వారు తెలుగులో నమూనా బైలాస్ తయారుచేసి అందరికీ అందేలా చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. చెక్కు మీద ముగ్గురిలో ఏ ఇద్దరు సంతకం పెట్టినా చెల్లేలా, పదవీకాలం రెండేళ్లు దాటకుండా అందులో రాస్తే చాలా గొడవలు మొదలవకుండానే ఆగుతాయి.

వచ్చే ఆదివారం ఉదయం పదింటికి సెల్లార్‌లో మా సమావేశం ఉంది. ప్రెసిడెంట్ గారు తిరిగొచ్చారు, ఇంకొకరు ముందుకొస్తే తప్పుకుంటానని ఆయనే అన్నారు. 24 ఫ్లాట్లున్న మా దగ్గర కిందటిసారి వచ్చింది తొమ్మిది మంది. ఈసారి నోటీసు పట్టుకుని ఒక్కో తలుపూ తడుతున్నాను.

— ఒక ఫ్లాట్ యజమాని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం