కుక్కపిల్లతో పాటు జన్యు పరీక్ష రిపోర్టూ ఇవ్వాలి

సంపాదకుడి గారికి,

నగరంలో లాబ్రడార్ పిల్లను అమ్మేవాళ్లు దాని తల్లిదండ్రుల జన్యు పరీక్ష రిపోర్టు కూడా చూపించాలనే నిబంధన పెట్టాలి.

మొన్న జనవరిలో ఉస్మానియా క్యాంపస్‌లో మా పక్కింటివాళ్ల లాబ్రడార్ బంతి వెంట పరుగెత్తుతూ వెనక కాళ్లు తూలి కూలబడింది. ఒకరు వడదెబ్బ అన్నారు, అదీ చలికాలం పొద్దున! ఇంకొకరు ఫిట్స్ అన్నారు. తాళాల గుత్తి చేతిలో పెట్టడమే తక్కువ. కాసేపటికి ఏమీ జరగనట్టు లేచింది. తర్వాత పరీక్ష చేయిస్తే తేలింది, అది ఈఐసీ (ఎక్సర్‌సైజ్ ఇండ్యూస్డ్ కొలాప్స్, అంటే గట్టిగా పరుగెత్తితే కూలబడటం) అనే వంశపారంపర్య జబ్బని.

డీఎన్‌ఎం1 అనే జన్యువులో లోపమే దీనికి కారణమని అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ పరిశోధకులు 2008లో తేల్చారు. నరాల నుంచి కండరాలకు సంకేతాలు అందడానికి ఆ జన్యువు కావాలి. మామూలు నడకకు ఇబ్బంది ఉండదు. హుషారుగా ఐదు పది నిమిషాలు పరుగెత్తితేనే కాళ్లు పట్టు తప్పుతాయి. చాలావరకు అరగంటలో కోలుకుంటాయి, అరుదుగా ప్రాణమూ పోతుంది.

చిక్కేమిటంటే, రెండు నెలల పిల్లను చూసి ఇది చెప్పలేం. సాధారణంగా ఐదు నెలలు దాటాకే బయటపడుతుంది. అప్పటికి అమ్మినవాడు ఫోన్ ఎత్తడు. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లు వంశం చెబుతాయి తప్ప జబ్బు లేదని చెప్పవు. లోపం తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు. ఒకరి నుంచే వచ్చిన కుక్క ఆరోగ్యంగానే ఉంటుంది, దాన్ని పక్కన పెట్టక్కర్లేదు. అలాంటి రెండింటిని జత కట్టించకపోతే చాలు. నోట్లో స్వాబ్‌తో అయిపోయే పరీక్ష ఇది.

ఇలాంటి కట్టడి కొత్తేమీ కాదు. అమెరికాలో ఇంప్రెసివ్ అనే ఒక్క మగ గుర్రం సంతతిలో కండరాలు వణికి కూలిపోయే జబ్బు పాకింది. దాంతో 2007 నుంచి పుట్టిన పిల్లల్లో ఇరువైపులా ఆ లోపం వచ్చినవాటిని అక్కడి క్వార్టర్ హార్స్ అనే జాతి గుర్రాల సంఘం నమోదు చేసుకోవడం లేదు.

మన దగ్గర 2017 కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో ఎలాగూ రిజిస్టర్ కావాలి. ఆ దరఖాస్తుకే ఈ రిపోర్టు జతచేయమనొచ్చు. జంతువుల డీఎన్‌ఏ చదవడంలో పేరున్న సీసీఎంబీ పరిశోధన సంస్థ మా ఇంటికి కూతవేటు దూరంలో ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది. ఈ రెండూ పూనుకుని తక్కువ ఖర్చులో పరీక్ష చేసే ఏర్పాటు చేస్తే బ్రీడర్లకు సాకు ఉండదు. నిబంధన వచ్చేలోగా కొనేవాళ్లే అడ్వాన్స్ ఇచ్చేముందు రిపోర్టు అడగడం మొదలుపెట్టాలి.

– ఓ పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్